పలుకరించిననే పలుకు యంత్రము



చెన్నపట్టణమునుండి ఉత్తరముగా కలకత్తాకు పోవు జాతీయ రహదారిపై, ఆరంబాకము దాటి ఆంధ్రదేశపు సరిహద్దులో అడుగిడినంతనే తడ యను ఊరు వచ్చును. అచ్చట పడమటికి మరలి కొంత దూరము పోయినచో, సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో, 2008వ సంవత్సరమున ఆరంభమైన శ్రీ సిటీ యను పారిశ్రామిక నగరము కనబడును. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడువరకు అది చిత్తూరు జిల్లాలోనిది. నావంటి పాతవాండ్ర నోట ఇప్పటికిని అది చిత్తూరు జిల్లాయే. అచ్చట ఆల్‌స్టామ్ వారి శాలలో చెన్నపట్టణపు మెట్రోకును కొచ్చి మెట్రోకును రైలుపెట్టెలు తయారైనవి. 2016లో ఇసుజు వారి మోటారుబండ్ల కర్మాగారము తలుపులు తెరచినది. కోబెల్కో వారు మన్ను త్రవ్వు యంత్రములను, మాండలీజ్ వారు చాక్లెట్లను, 2023నుండి డైకిన్ వారు ఏ.సి. యంత్రములను చేయుచున్నారు. రైలుపెట్టెకును చాక్లెట్టుకును పొత్తేమని మీరడుగవచ్చును. వస్తువులు వేరైనను, వానిని చేయు యంత్రముల ప్రక్కన నిలిచియుండు బూడిదరంగు ఇనుపబీరువా మాత్రము అన్నిచోట్లను ఇంచుమించుగా ఒకే తీరున నుండును. పనివారు దానిని ప్యానెల్ అందురు. దానిలో, తీగల గుబురు నడుమ, యంత్రమునకు బుద్ధిస్థానమైన పి.ఎల్.సి. యను నియంత్రకము కొలువుదీరియుండును. ఆ పి.ఎల్.సి. తనకు తెలిసినదానిని ప్యానెల్ తలుపునకు వెలుపలనున్నవారికి ఎట్లు చెప్పగలుగుచున్నది, చెప్పినదానిని మనము సరిగా వినుచున్నామా లేదా యను విషయమును గూర్చియే నేటి నా ప్రసంగము.

ముందుగా ఆ పి.ఎల్.సి. పుట్టుకను గూర్చి నాలుగు మాటలు. 1968 ప్రాంతమున అమెరికాలో జనరల్ మోటార్సు వారి హైడ్రామాటిక్ విభాగమునకు ఒక చిక్కు వచ్చినది. ఆనాడు యంత్రమును నడుపు తర్కమంతయు రిలేలనబడు విద్యుత్ మీటలతో కూర్పబడియుండెడిది. చేయు వస్తువు నమూనా మారినప్పుడెల్ల ఆ రిలేల తీగలను విప్పి మరల కట్టవలసివచ్చెడిది. తీగ మార్చక వ్రాత మార్చిన చాలునట్టి నియంత్రకము కావలెనని వారు కోరగా, మసాచుసెట్సు రాష్ట్రములోని బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అను చిన్న సంస్థలో డిక్ మోర్లీయు ఆయన సహచరులును దానిని నిర్మించిరి. అది ఆ సంస్థ చేపట్టిన 84వ పని యగుటచే 084 అని దానికి పేరుపెట్టి, మోడికాన్ అను సంస్థ పేరిట 1969లో అందజేసిరి.

ఆ 084 నాటినుండి నేటివరకు పి.ఎల్.సి. చేయు పని మూలమున మారలేదు. మొదట ఇన్‌పుట్‌లన్నింటిని చూచును. ఏ మీట నొక్కబడినది, ఏ ట్యాంకు నిండినది, ఏ తలుపు తెరచియున్నది యని తెలిసికొనును. తరువాత తనలో నిచ్చెన మెట్లవలె వ్రాయబడిన ల్యాడర్ ప్రోగ్రామును మొదటి మెట్టునుండి తుదిమెట్టువరకు విచారించును. అంతట అవుట్‌పుట్‌లకు ఆజ్ఞల నిచ్చి, వెంటనే మరల మొదటికి వచ్చును. స్కాన్ అని పిలువబడు ఈ ఆవృత్తి, సాధారణముగా కొన్ని మిల్లీసెకన్లలో ముగియుచు, పగలనక రేయనక, పండుగనక పబ్బమనక సాగును. ఆ యంత్రమును గూర్చి ఈ పెట్టెకు తెలిసినంత మేనేజరుకు తెలియదు, దానిని తయారుచేసి పంపిన దేశాంతరస్థులకును తెలియదు. ఐనను అడుగనిదే అది నోరు విప్పదు.

అడుగుట నేర్వకమునుపు ఏమి జరిగెడిదో పాత మెయింటెనెన్సు ఉద్యోగులకు చక్కగా తెలియును. గంటకొకసారి ఆపరేటరు అట్టకు బిగించిన కాగితము చేతబట్టుకొని ప్రతి మీటరు నెదుటను నిలిచి రీడింగు వ్రాయవలెనని నిబంధన. రాత్రి షిఫ్టులో రెండు గంటలకు, మూడు గంటలకు, నాలుగు గంటలకు వ్రాసినట్లు చూపబడిన అంకెలు ఒకే సిరాతో ఒకే వాలుతో ఒకే తీరున నుండి, నాలుగున్నరకు ఒక్కపెట్టున కూర్చుండి వ్రాసినవేమో యని అనుమానము కలిగించుట వింతగాదు. దానికి ఆపరేటరును నిందించుట నాకు న్యాయముగా తోచదు. కన్నుమూయని పరికరము చెంతనే యుండగా దాని నడుగక, కన్నుమూయక తప్పని మనుజుని అడిగినవారిదే లోపము.

పి.ఎల్.సి.ని అడుగుటకు మొదట ఏర్పడినవి సీరియల్ తీగలు. 1979లో మోడికాన్ వారు ఆ తీగలపై నడచుటకై మోడ్‌బస్ అను సంభాషణ నియమమును ప్రకటించిరి. దాని మర్యాద మిక్కిలి సరళము: అధికారి యడుగును, అడుగబడినది బదులు చెప్పును, అడుగబడనిది ఊరకుండును. అంత సరళమగుటచేతనే అది నలుబదియేండ్లు దాటినను చావలేదు. తక్కిన సంస్థలవారు తమ తమ నియమములను తామే కల్పించుకొని, ఒకరి పరికరము మరియొకరి యంత్రమునకు అతుకని స్థితిని తెచ్చిరి. దానివలన వ్యాపారులకు కలిగిన లాభమును, ఇంజనీర్లకు కలిగిన తలనొప్పిని లెక్కించినవారు లేరు.

ఇట్లుండగా కార్యాలయములలో వేరొక తీగ వ్యాపించుచుండెను. 1973లో జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ ఊహించి, డేవిడ్ బాగ్స్ తోడ్పాటుతో రూపొందించిన ఈథర్‌నెట్ అది, 1983లో ఐ.ఇ.ఇ.ఇ. వారు దానిని ప్రమాణముగా స్వీకరించిరి. కర్మాగారపు ఇంజనీర్లు దానిని చాలకాలము అనుమానముతోనే చూచిరి. ఆ అనుమానము నిర్హేతుకము కాదు. ఆనాటి ఈథర్‌నెట్టులో అందరును ఒకే కేబులును పంచుకొనెడివారు. ఇద్దరొకేసారి పలికినచో రెండు పలుకులును చెడిపోవును. అప్పు డిద్దరును ఆగి, ఇంతయని ముందుగా చెప్పవీలులేని వ్యవధి తరువాత మరల ప్రయత్నింపవలెను. ఉత్తరము క్షణ మాలస్యమైనను గుమాస్తాకు నష్టము లేదు గాని, వేగముగా తిరుగు యంత్రమునకు 'ఆగుము' అను ఆజ్ఞ ఎప్పుడు చేరునో చెప్పజాలమనినచో అది ప్రాణాపాయము. 1990లలో ప్రతి పరికరమునకును ప్రత్యేకముగా దారినిచ్చు స్విచ్చులు చౌకగా దొరకి, పలుకుటయు వినుటయు ఏకకాలమున సాగు సౌకర్యము కలిగినపిమ్మట ఆ ఢీకొనుట తొలగినది. అటుతరువాత ఈథర్‌నెట్టుపై నడచు సంభాషణ నియమములుగా మోడ్‌బస్ టి.సి.పి.యు, ఈథర్‌నెట్ ఐ.పి.యు, ప్రొఫినెట్టును, 2003లో ఈథర్‌క్యాట్టును, 2007లో సి.సి.లింక్ ఐ.ఇ.యు ఒకదానివెంట నొకటి బయలుదేరినవి.

ఇక పి.ఎల్.సి.ని ఆ ఈథర్‌నెట్ తీగకు కలుపు కమ్యూనికేషన్ మాడ్యూలనగా నేమి? పి.ఎల్.సి. ప్రాసెసరు ప్రక్కన అదే పట్టాపై అమర్చునట్టి, ఇంచుమించు అరచేయి పొడవుగల పెట్టె. ముందుభాగమున ఒకటి రెండు సాకెట్లు. పైన లింకు కలిసినదో లేదో, మాట నడచుచున్నదో లేదో తెలుపు చిన్న దీపములు. నేటి పి.ఎల్.సి.లలో పెక్కింటికి ఈథర్‌నెట్ పోర్టు ప్రాసెసరులోనే యుండును. పాత సీమెన్స్ ఎస్-7 300లకు సి.పి. మాడ్యూలును, మిత్సుబిషి క్యూ శ్రేణికి ఇ-71 మాడ్యూలును, ఆలెన్ బ్రాడ్లీ కంట్రోల్‌లాజిక్స్‌కు ఇ.ఎన్.2.టి. వంటివానిని విడిగా కొని ఖాళీ గడిలో బిగింపవలెను. ప్రాసెసరు తన స్కాన్ పనిలో తాను మునిగియుండగా, బయటనుండి వచ్చు ప్రశ్నలను ఈ మాడ్యూలు స్వీకరించి, ప్రశ్నలో చెప్పబడిన జ్ఞాపకస్థానములోని విలువను గ్రహించి, ప్యాకెట్టుగా కట్టి, అడిగినవారి ఐ.పి. చిరునామాకు పంపును. పని యింతే. అందుచేతనే ప్రథమదినమున అందరును, కేబులు తగిలించి దీపము పచ్చగా వెలిగినంతనే, పని అయిపోయినదని సంతోషింతురు.

నిజమునకు పని అప్పుడే ఆరంభమగును. తడ సరిహద్దులో తెలుగును అరవమును ఒకే గాలిలో వినిపించును; గాలి యొక్కటే గదా యని, అరవము రానివానికి అరవపు మాట అర్థమగునా? ఈథర్‌నెట్ తీగ ఆ గాలివంటిది మాత్రమే. ఒకే స్విచ్చికి తగిలించిన రెండు యంత్రములలో ఒకటి ప్రొఫినెట్టులోను, మరియొకటి మోడ్‌బస్ టి.సి.పి.లోను మాటాడుచుండవచ్చును, రెండింటి దీపములును పచ్చగానే వెలుగును, ఒకదానికొకటి ఒక్క ముక్కయైనను బోధపడదు. జపానువారి సంస్థలు, ఐరోపావారి సంస్థలు, అమెరికావారి సంస్థలు, మన దేశీయుల సంస్థలు ప్రక్కప్రక్కన నిలిచియుండు శ్రీ సిటీ వంటి చోట ఈ వైవిధ్యము సహజము. ఎవరి స్వదేశమున ఏ నియంత్రకము వాడుకలో నున్నదో, ఆ యంత్రముతోకూడ అదియే ఓడనెక్కి వచ్చును. వీనినన్నింటిని ఒకే తెరపై చూపదలచిన స్కాడా యను పర్యవేక్షణ వ్యవస్థకు, ఆయా భాషలెరిగిన డ్రైవరులో, ఒక భాషనుండి మరియొకదానికి మార్చు గేట్‌వేలో కావలెను. ఈ గొడవను తగ్గించుటకే 1996లో ఓ.పి.సి. యను ఉమ్మడి నియమమును, అనంతరము దాని నవీనరూపమైన ఓ.పి.సి. యు.ఏ.యును వెలువడినవి.

భాష కుదిరినదనుకొందము. అప్పటికిని మనచేతికి వచ్చునది అంకె మాత్రమే. ఆ అంకె దేనినిగూర్చినదో అంకె చెప్పదు. ఈ విషయముననే నేను కొంచెము ఆగి మాటాడదలచినాను. ఏలయన, మాడ్యూలు ధరనుగూర్చి నెలలతరబడి బేరమాడు పెద్దలు, దీనినిగూర్చి ఒక్క పూటయైనను ఆలోచింపకుండుట పరిపాటియైనది.

ద్రవరూపమున నున్న చాక్లెట్టును నిలువయుంచు ట్యాంకొకటి కలదనుకొందము. ముదురురంగు చాక్లెట్టును అచ్చుపోయునపుడు దాని వేడి 31, 32 డిగ్రీల నడుమ నుండవలెను. హెచ్చినను తగ్గినను నిగారింపు పోయి, పైన తెల్లని పొర కట్టును. పి.ఎల్.సి.లో ఆ వేడి 31.5 అని యున్నది. మోడ్‌బస్ నియమమున ఒక్కొక్క రిజిస్టరు 16 బిట్ల గడి. దశాంశపు అంకెను దాచుటకు 32 బిట్లు కావలెను గనుక అది రెండు గడులను ఆక్రమించును. ఆ సంగతి తెలియక మొదటి గడిని మాత్రమే పూర్ణాంకముగా చదివిన తెరపై 16892 అని కనబడును. రెండు గడులును చదివి, వాని వరుసను తారుమారు చేసినచో, విలువ దాదాపు సున్న యగును. పి.ఎల్.సి. అబద్ధమాడలేదు, తీగ ఒక్క బిట్టునైనను పోగొట్టలేదు, మాడ్యూలు దీపములన్నియు పచ్చగానే యున్నవి, ఐనను కంట్రోలు రూములో కూర్చున్నవానికి చాక్లెట్టు గడ్డకట్టినట్లో, కొలిమిలో పడినట్లో తోచును.

ఇట్టి పెద్ద తప్పు వెంటనే పట్టుపడును గనుక దానివలన భయము లేదు. భయపడవలసినది చిన్న తప్పును గూర్చి. మోడ్‌బస్ పట్టికలో 40001 అని వ్రాయబడిన రిజిస్టరును తీగపై అడుగునపుడు దాని సంఖ్య సున్న. కొందరు తయారీదారులు తమ పుస్తకములలో మొదటి లెక్కను, కొందరు రెండవ లెక్కను అనుసరింతురు. ఒక్కొక్క ట్యాంకు వేడి ఒక్క గడిలోనే పూర్ణాంకముగా నున్నచో, ఈ ఒక్క అంకె తేడావలన ఒకటవ ట్యాంకు పేరుక్రింద రెండవ ట్యాంకు వేడి కనబడును. రెండును ముప్పదియొకటి, ముప్పదిరెండు డిగ్రీలలోనే యుండుటచే ఎవ్వరికిని అనుమానము రాదు. ఒకనాడు ఒకటవ ట్యాంకు హీటరు చెడిపోవుదాక ఆ తప్పు నెలలు గడచినను మరుగుననే యుండును. ఇంకొక తీరున, వేడిని పదింతలుచేసి 315 అని పూర్ణాంకముగా పంపు ప్రోగ్రాములును కలవు. దానిని పదిచే భాగింపవలెనని చెప్పువారు లేకున్న ఆ అంకె వ్యర్థము. పీడనము బార్లలోనా, పౌండ్లలోనా? విద్యుత్తు మీటరు చూపునది ఈ షిఫ్టులో ఖర్చైన యూనిట్లా, మీటరు పుట్టిననాటినుండి చేరిన మొత్తమా? రిజిస్టరు నిండిన పిమ్మట లెక్క మరల సున్నకు వచ్చునా? ఇవన్నియు వ్రాసియుంచిన పట్టిక యొకటి కావలెను. ఆ పట్టికను వ్రాయగలవాడు మాడ్యూలు అమ్మినవాడు కాడు, తెరలు గీసినవాడును కాడు. ఆ యంత్రముతో దినమును వేగుచున్న మెయింటెనెన్సు ఉద్యోగి, అతని ప్రక్కన కూర్చుండి ల్యాడర్ ప్రోగ్రామును విప్పి చూడగల ఇంజనీరు. సూళ్ళూరుపేటనుండియు సత్యవేడునుండియు కంపెనీ బస్సులలో షిఫ్టుకు వచ్చు డిప్లొమా చదివిన యువతీయువకుల చేతిలో ఆ జ్ఞానమున్నది. దానిని కాగితముపై పెట్టుటకు వారికి రెండు వారములు తీరిక యిచ్చుటకు మాత్రము ఏ మేనేజరునకును మనసొప్పదు.

అర్థము కుదిరినపిమ్మట ప్రాణమున్నదా లేదా యను ప్రశ్న మిగులును. తెరపై 31.5 అని కనబడుచున్నది. పది నిమిషముల క్రింద ఎలుక కేబులును కొరికినది. తెరను నిర్లక్ష్యముగా కట్టినచో ఇప్పటికిని 31.5 అనియే కనబడును. చచ్చిన అంకెకును బ్రదికిన అంకెకును రూపమున భేదము లేదు. అందుచేత వివేకముగలవారు పి.ఎల్.సి.లో ఒక గడిని ప్రత్యేకించి, సెకనుకొకసారి దాని విలువ మారునట్లు వ్రాసియుంతురు. దానిని హార్ట్‌బీట్ అందురు. ఆ విలువ మారుట మానినంతనే తెరపైనున్న అంకెలన్నియు బూడిదరంగునకు తిరుగవలెను. ఇది ల్యాడరులో రెండు మెట్ల పని. ఇంత చవుకైన రక్షణ మరియొకటి లేదు. ఇంత తరచుగా మరువబడునదియు మరియొకటి లేదు.

ఎంత తరచుగా అడుగవలెను? ఉత్సాహవంతులైన క్రొత్తవారు సెకనుకు ఇరువదిసార్లు అడుగుదురు. ట్యాంకులోని ద్రవము వేడి సెకనులో ఇరువదిసార్లు మారదు; ప్రెస్సు దెబ్బలోని బలమైతే అంతకన్న వేగముగా మారును గనుక, దానిని పి.ఎల్.సి.యే కొలిచి, గరిష్ఠమును మాత్రము గడిలో నుంచుట మేలు. మోడ్‌బస్‌లో ఒక్క ప్రశ్నతో 125 రిజిస్టర్లవరకు వరుసగా చదువవచ్చును. కావలసిన విలువలన్నింటిని ప్రోగ్రాములో ఒకేచోట ప్రోగుచేసి యుంచినచో ఒక ప్రశ్నతో తీరునది, చెల్లాచెదరుగా నున్నచో నూరు ప్రశ్నలగును. అదిగాక ప్రతి మాడ్యూలునకును ఏకకాలమున ఇన్ని సంబంధములనే భరింపగలనను మితి కలదు. ప్రొడక్షన్ వారి కంప్యూటరు, క్వాలిటీ వారిది, విద్యుత్తు లెక్కలవారిది, మేనేజరు గదిలోని పెద్ద టి.వి., ఒక్కొక్కటియు నేరుగా పి.ఎల్.సి.నే అడుగుచుండగా, బ్రేక్‌డౌన్ వచ్చినప్పుడు ఇంజనీరు ల్యాప్‌టాప్ తగిలించిన చోటు లేదని జవాబు వచ్చును. అడుగునది ఒక్క సర్వరై, తక్కినవారందరు ఆ సర్వరునే అడుగుట ఉత్తమము.

అడుగకయే చెప్పు పద్ధతులును నేడు లేకపోలేదు. ఎడారులలో చమురు గొట్టముల సమాచారమును ఖరీదైన ఉపగ్రహమార్గమున పొదుపుగా పంపుటకై 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనువారు కల్పించిన ఎమ్.క్యూ.టి.టి. నియమమున విలువ మారినప్పుడే పరికరము తనంత తాను పలుకును. ఓ.పి.సి. యు.ఏ.లోను అట్టి ఏర్పాటు కలదు. అయినను పాత యంత్రములు ఇంకను పలుకరించిననే పలుకునవి గనుక, వాని తరపున నడుమ నొక గేట్‌వే అడుగుచు, పైవారికి తాను చెప్పుచుండును.

కాలమును గూర్చియు ఒక మాట. విద్యుత్తు ఒక్క రెప్పపాటు కుంగి, వరుసలోని పదునాలుగు యంత్రములు నిలిచినవనుకొనుడు. మొదట నిలిచిన దేది? సర్వరు తాను అడిగిన వేళను ఘటన జరిగిన వేళగా వ్రాసికొనినచో, సెకనుకొకసారి అడుగునట్టి దానికి సెకనులోపల జరిగిన క్రమము తెలియదు, ఒక పి.ఎల్.సి. గడియారము జపాను కాలమును, వేరొకటి జర్మనీ కాలమును చూపుచున్నచో చెప్పనే అక్కరలేదు. గడియారములన్నింటిని ఒకే కాలమునకు కట్టి, ముఖ్యఘటనల వేళను పి.ఎల్.సి.యే ముద్రవేయునట్లు చేసిననే నిజము తెలియును.

శ్రీ సిటీ యున్న ఈ నేల స్వభావమును మరువరాదు. తూర్పున పులికాటు సరస్సు, ఆపైన సముద్రము. గాలిలో తేమయు ఉప్పును కలసియుండును. ఈశాన్య ఋతుపవనములు వచ్చు అక్టోబరునుండి డిసెంబరువరకు ఈ ప్రాంతమున వాయుగుండములు, ఉరుములు, పిడుగులు సామాన్యము. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తిరుపతి జిల్లాను ఎట్లు ముంచెత్తినదో ఈ ప్రాంతపువారికి గుర్తుండును. కార్యాలయములకై చేసిన చవుక ప్లాస్టిక్ ప్లగ్గును, ప్యానెల్ తలుపు సరిగా మూతపడని చోట, పెట్టితిమా, దాని రాగిపళ్ళకు చిలుము పట్టి, మాట అప్పుడప్పుడు తెగుచు అప్పుడప్పుడు అతుకుచు, ఇంజనీరునకు పగటినిద్రయు రాత్రినిద్రయు లేకుండ చేయును. పూర్తిగా చెడిపోయిన కేబులు సజ్జనుడు. అప్పుడప్పుడు చెడునదియే దుర్జనుడు. మెలిపెట్టిన రాగితీగకు ఈథర్‌నెట్టులో నూరు మీటర్లు మితి. ఒక భవనమునుండి వేరొక భవనమునకు పోవలసినచో దూరము తక్కువయైనను గాజునార కేబులు వేయుటయే శ్రేయస్కరము. ఏలయన పిడుగు పడినప్పుడు రెండు భవనముల భూసంధానముల నడుమ పుట్టు విద్యుత్పీడనమువలన విద్యుత్తు రాగిగుండ ప్రవహించి, రెండువైపుల మాడ్యూళ్ళను కాల్చివేయును, గాజుగుండ పోజాలదు. మోటార్ల వేగమును మార్చు డ్రైవుల కేబుళ్ళు వెదజల్లు విద్యుద్ఘోషను తప్పించుటకై సమాచారపు కేబులును వానికి దూరముగా వేరు తొట్టెలో నడుపవలెను.

ఇక చూచుటకును తాకుటకును గల భేదము. ఈ ప్రాంతమునకు దూరమునుండి చూచుట క్రొత్తవిద్య కాదు. సూళ్ళూరుపేటకు తూర్పున శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు ఎగసిననాటినుండి, చేతికందని వస్తువు పంపు అంకెలను నేలపై కూర్చుండి చదువుట ఇచ్చటివారికి అలవడినది. ఎగసిపోయిన రాకెట్టును తాకుట ఎట్లును సాధ్యము కాదు, కర్మాగారములోని పి.ఎల్.సి. సంగతి అట్లు కాదు. మోడ్‌బస్ టి.సి.పి.లో చదువుటకును వ్రాయుటకును ఒకే ద్వారము, 502వ పోర్టు, అడుగువాడెవడని అది విచారింపదు, రహస్యపదము కోరదు. వేడి ఎంతయని అడుగగలవాడు, ప్రోగ్రాములో ఆ గడి వ్రాతకు తెరచియున్నచో, వేడిని హెచ్చింపుమని ఆజ్ఞాపింపను గలడు. 1979లో తీగ ఒకే గదిలో నుండెడిది గనుక ఆ నిర్భయత్వము చెల్లినది.

2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వృత్తాంతము చూడుడు. ఇరాన్ దేశమున నతాంజ్‌లోని యురేనియము శుద్ధి యంత్రములను నడుపు సీమెన్స్ నియంత్రకములలో జొరబడిన ఆ దుష్టప్రోగ్రాము, యంత్రముల వేగమును చెడగొట్టుచునే, అంతకుముందు తాను పట్టియుంచుకొనిన మామూలు విలువలను పర్యవేక్షకులకు తిరిగి తిరిగి చూపినది. తెర చూచువారికి అంతయు సవ్యమే. పర్యవేక్షణ యున్నదను ధైర్యమే అచ్చట ప్రమాదమునకు తెరయైనది. అందుచేత యంత్రముల నెట్‌వర్కును కార్యాలయపు నెట్‌వర్కునుండి వేరుచేసి, నడుమ కాపలా నుంచి, పర్యవేక్షక వ్యవస్థకు చదువు హక్కునే యిచ్చి, పి.ఎల్.సి.ని ఎన్నడును నేరుగా ఇంటర్నెట్టుకు తెరువకుండుట ప్రథమధర్మము. విదేశమునుండి యంత్రము తయారీదారు మరమ్మతుకై లోనికి రాగోరినచో, రావలసినప్పుడు తలుపు తెరచి, పోయినపిమ్మట మూయుటకు ఒక మనిషి యుండవలెను. మూయుటను మరచుటయే తరచుగా జరుగుచుండును.

ఇంత శ్రమయు దేనికని కొందరందురు. విద్యుత్తు బిల్లు చూచినవారు అట్లనరు. ఏ కంప్రెసరు ఆదివారము ఎవ్వరును లేని వేళ ఉత్తగా తిరుగుచున్నదో, ఏ యంత్రము షిఫ్టుకు నలుబదిసార్లు రెండేసి నిమిషములు నిలుచుచున్నదో, ఆ నిలుకడలు చిన్నవగుటచే రిపోర్టుకెక్కక ఎట్లు జారిపోవుచున్నవో, ఇట్టి పర్యవేక్షణవలననే తెలియును. ప్రభుత్వమును ఈ దారినే నడచుచున్నది: 2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, సిమెంటు, చక్కెర, డిస్టిలరీ మొదలుగా మిక్కిలి కాలుష్యకరములైన పదునేడు తరగతుల పరిశ్రమలు తమ పొగగొట్టముల, వ్యర్థజలముల కొలతలను ఎడతెగక ఆన్‌లైన్‌లో పంపవలెనని ఆదేశించినది. మన రాయలసీమ సిమెంటు కర్మాగారములును ఆ తరగతులలోనివే.

కర్మాగారము పెట్టదలచినవారెవరైన ఈ ప్రసంగమును వినుచున్నచో వారికొక వినతి. యంత్రమునకు ఆర్డరు వ్రాయునపుడు, ధర, గడువు, వారంటీలతోపాటు మరికొన్ని పంక్తులు చేర్చుడు: పర్యవేక్షణకై ఈథర్‌నెట్ పోర్టు ఒకటి విడిగా నుండవలెననియు, ఏ రిజిస్టరులో ఏ విలువ ఏ ప్రమాణమున నుండునో తెలుపు పట్టికను, ల్యాడర్ ప్రోగ్రాము ప్రతిని, దాని పాస్‌వర్డును యంత్రముతోకూడ అప్పగింపవలెననియు, ఐ.పి. చిరునామాను మేము చెప్పినట్లు పెట్టవలెననియు వ్రాయుడు. ఈ కడపటిది అల్పవిషయముగా తోచును గాని, ఒకే తయారీదారు పంపిన రెండు యంత్రములు ఒకే చిరునామాతో దిగి, రెండవదానిని స్విచ్చికి తగిలించినంతనే మొదటిది తెరపైనుండి మాయమగుట అరుదుగాదు. ఆర్డరునాడు ఈ పంక్తులకు ధర లేదు. సొమ్ము చెల్లించి, యంత్రమును పునాదిపై బిగించి, తయారీదారు మనుషులు తమ దేశమునకు విమానమెక్కినపిమ్మట అవే పంక్తులకు వేరుగా కొటేషను వచ్చును. పాస్‌వర్డుకైతే ఆ కొటేషనైనను రాక, ఈ-మెయిలుపై ఈ-మెయిలు వ్రాసికొనుచుండవలెను.